విమానం రేడియోలో ‘ఊ’ కొడితే కుదరదు – నా ఆర్‌టీఆర్ కష్టాలు

మా నాయనమ్మ కథ చెప్పేటప్పుడు పిల్లలందరం ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే నిద్రపోయినట్టు లెక్క, ఆవిడ కథ అక్కడికి ఆపేసి దుప్పటి కప్పేది. మా తమ్ముడేమో నిద్రలో కూడా ఊ కొట్టేవాడు, కథ మొత్తం అయిపోయాక కూడా ఇంకో నాలుగు ఊలు ఎక్స్‌ట్రా కొట్టేవాడు, పొద్దున్నే అడిగితే రాజుగారి ఏడుగురు కొడుకుల దగ్గరే ఉండేవాడు. పైలట్ ట్రైనింగ్ గురించి చెప్తానని ఈ ఊ గోలేంటి అనుకోకండి, నన్ను ఒకసారి ఫెయిల్ చేయించిందీ ఇంకోసారి నలుగురిలో పరువు తీసిందీ ఇదే.

మాది బాపట్ల దగ్గర పల్లె. నాన్న ఎకరన్నర అమ్మి నన్ను సీపీఎల్‌కి పంపించారు, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్. 200 గంటలు ఎగరాలి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లు రాయాలి అని అందరికీ తెలుసు, కానీ ఆర్‌టీఆర్ అని ఇంకో పరీక్ష ఉంటుందని నాకైతే ఇందులోకి దిగిందాకా తెలీదు. విమానంలో రేడియో వాడటానికి విడిగా సర్టిఫికెట్ కావాలి. నేను రాసినప్పుడు అది టెలికాం శాఖ కింద ఉండే డబ్ల్యూపీసీ వాళ్ల చేతిలో ఉండేది, 2024లో వచ్చిన భారతీయ వాయుయాన్ చట్టంతో 2025 జనవరి 1 నుంచి డీజీసీఏకి వెళ్లింది కాబట్టి ఇప్పుడు రాసేవాళ్లు పద్ధతి అక్కడే కనుక్కోండి, నా మాట పట్టుకుని వెళ్లకండి. అప్పట్లో రెండు పార్టులు. మొదటిది ట్రాన్స్‌మిషన్, ఒక రూట్ షీటు ఇస్తారు, ఎగ్జామినర్ ఏటీసీ అవుతాడు, అంటే కింద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్, నువ్వు పైలట్‌వి, ఇంజన్ స్టార్ట్ దగ్గర్నుంచి దిగి పార్కింగ్‌లో పెట్టేదాకా మాటలన్నీ నువ్వు మాట్లాడాలి, మధ్యలో ఏదో ఒక ఆపద తెచ్చి పెడతాడు. రెండోది ఓరల్, రేడియో ఎలా పనిచేస్తుంది, రూల్స్ ఏంటి అని.

మా సీనియర్లు చెప్పిందొకటే, పుస్తకాలు పక్కన పడేసి కోచింగ్‌కి పో అని. సికింద్రాబాద్‌లో ఒక మాస్టారు దగ్గర చేరాను. ఆయన ఎయిర్‌ఫోర్స్ సిగ్నల్స్‌లో చేసి రిటైర్ అయ్యారు, డాబా మీద రేకుల గది, మధ్యలో పాత దుప్పటి కర్టెన్ లాగా కట్టి ఉంటుంది. కర్టెన్‌కి అటు ఆయన, ఇటు మేము. పెదాలు చూసి అర్థం చేసుకుంటారని ఆ కర్టెన్. రేకుల మీద వాన పడుతుంటే ఆయన గొంతు సరిగ్గా రేడియోలాగే వచ్చేది, వాన వస్తే ఫ్యాన్ ఆపేసి మరీ క్లాసు చెప్పేవారు.

మొదటి రోజు ఆయన ఏదో క్లియరెన్స్, అంటే కంట్రోలర్ ఇచ్చే అనుమతి, చెప్పారు, రన్‌వే, ఎత్తు, ప్రెషరు, రాడార్‌లో మనల్ని గుర్తుపట్టే స్క్వాక్ కోడు, అన్నీ గుక్క తిప్పుకోకుండా. నేను సినిమాల్లో చూసినట్టు స్టైల్‌గా ‘రోజర్ సర్’ అన్నాను. కర్టెన్ అవతల చప్పుడు లేదు. కాసేపటికి దుప్పటి పక్కకి జరిపి తల బయటపెట్టి “ఏం విన్నావు?” అన్నారు. నేను నీళ్లు నమిలాను. “నిద్రలో ఊ కొట్టేవాడివి లాగున్నావే” అన్నారు. మా తమ్ముడి సంగతి ఈయనకెలా తెలిసిందబ్బా అనుకున్నా.

అసలు విషయమేంటంటే రోజర్ అంటే ‘నువ్వు చివర చెప్పింది మొత్తం నాకు అందింది’ అని, అంతే. అవును అని కాదు, ఒప్పుకున్నానని కాదు, చేస్తానని కూడా కాదు. అవును అనడానికి ‘అఫర్మ్’ ఉంది, చేస్తాను అనడానికి ‘విల్కో’ ఉంది. రన్‌వే మీదకి రమ్మన్నా, దాటమన్నా, ఆగమన్నా, ఎత్తు ఇచ్చినా, హెడింగ్ అంటే వెళ్లాల్సిన దిశ ఇచ్చినా, క్యూఎన్‌హెచ్ అనే గాలి ఒత్తిడి లెక్క ఇచ్చినా, స్క్వాక్ ఇచ్చినా వీటన్నిటికీ రోజర్ చెల్లదు, విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి. దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. అప్పజెప్పింది తప్పైతే కంట్రోలర్ పట్టుకుని సరిచేయాలి, అది ఆయన బాధ్యత. అంటే ఒక్క మాట అటూ ఇటూ రెండుసార్లు నడుస్తుంది. మనకేమో పుట్టినప్పట్నుంచీ ఆఁ, ఊ, సరే సరే, అట్టాగే... వినపడకపోయినా ఇంకోసారి చెప్పండి అని అడగాలంటే మొహమాటం. పెళ్లిళ్లలో ఎవరో పెద్దాయన గోలలో ఏదో అడుగుతాడు, మనం నవ్వి తలూపుతాం, తీరా చూస్తే ‘ఉద్యోగం పోయిందటగా’ అని అడిగి ఉంటాడు.

ఉచ్చారణ మాత్రం మనకి కలిసొచ్చింది. స్కూల్లో త్రీ అనాల్సిన చోట ట్రీ అన్నానని ఇంగ్లీష్ టీచర్ బెత్తంతో కొట్టింది, ఇక్కడ అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో రూల్ ప్రకారం అధికారికంగా ‘ట్రీ’ అనే అనాలి. ఫోర్ కాదు ‘ఫోవర్’, ఫైవ్ కాదు ‘ఫైఫ్’, నైన్ కాదు ‘నైనర్’, థౌజండ్ కూడా ‘టౌజండ్’. గరగరలో ఫైవ్‌కీ నైన్‌కీ తేడా తెలీదు కాబట్టి ఇలా పెట్టారు. ఆ టీచర్ ఎక్కడున్నారో గానీ చూపించాలనిపించింది.

మాస్టారు పాఠం కంటే ఎక్కువగా ప్రమాదాల కథలే చెప్పేవారు, నాయనమ్మ లాగే, తేడా ఏంటంటే ఇక్కడ ఊ కొడితే తిట్లు. 1989 ఫిబ్రవరిలో కౌలాలంపూర్ సుబాంగ్‌లో దిగబోతున్న ఫ్లయింగ్ టైగర్ కార్గో 747కి కంట్రోలర్ ‘డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో’ అన్నాడు, అంటే 2400 అడుగులకి దిగమని. ఇంగ్లీషులో రెండుకీ ‘కి’కీ ఒకటే శబ్దం కదా, వీళ్లు ‘400కి దిగు’ అని విని ‘ఓకే, ఫోర్ జీరో జీరో’ అన్నారు. అటువైపు కంట్రోలర్ అది పట్టుకోలేదు. కొండకి కొట్టుకుంది, లోపలున్న నలుగురూ పోయారు. ఈ కథ చెప్పి మాస్టారు ఆ రోజంతా మా చేత ఎత్తులే అప్పజెప్పించారు, టూ టౌజండ్ ఫోవర్ హండ్రెడ్, టూ టౌజండ్ ఫోవర్ హండ్రెడ్ అని, కింద ఇంటివాళ్లకి కూడా వచ్చేసి ఉంటుంది.

స్పెయిన్ వాళ్ల టెనెరిఫే దీవి ఎయిర్‌పోర్టు ప్రమాదం అందరికీ తెలిసిందే, 1977 మార్చి 27, పొగమంచులో రెండు జంబోలు, ఒకటి కేఎల్ఎంది ఇంకోటి పాన్ ఆమ్‌ది, ఒకే రన్‌వే మీద గుద్దుకుని 583 మంది పోయారు. కానీ నాకు అప్పటిదాకా తెలియని సంగతేంటంటే ఆఖరి క్షణాల్లో కేఎల్ఎం వాళ్లు ‘వీ ఆర్ నౌ ఎట్ టేకాఫ్’ అన్నారు, కంట్రోలర్ ‘ఓకే’ అని, చిన్న గ్యాప్ తర్వాత ఆగు, నేను పిలుస్తాను అన్నాడు, సరిగ్గా అదే సమయంలో పాన్ ఆమ్ వాళ్లు మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అని మైకు నొక్కారు. రెండూ కలిసి కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుమని శబ్దం. వాళ్ల చెవికి శుభ్రంగా అందింది ఆ ‘ఓకే’ ఒక్కటే. అదీ ఒక ఊ యే కదా. ఇప్పుడు టేకాఫ్ అనే మాట నిజంగా టేకాఫ్ క్లియరెన్స్ ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప నోట రానివ్వరు, మిగతా అంతా ‘డిపార్చర్’ అనాలి. మన దగ్గర హర్యానాలో జరిగిన చర్ఖీ దాద్రీ ప్రమాదం గురించి చెప్పిన రోజైతే మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. 1996 నవంబర్ 12, సౌదీ 747, కజకిస్తాన్ ఇల్యూషిన్ గాల్లో ఎదురెదురుగా గుద్దుకుని 349 మంది పోయారు. కజక్ విమానానికి ఇచ్చింది లెవెల్ 150, అంటే పదిహేను వేల అడుగులు, ఎదురుగా వచ్చే విమానం 140లో ఉందని కూడా కంట్రోలర్ చెప్పాడు. రేడియోలో మాట్లాడేది ఒక రేడియో ఆపరేటర్, విమానం నడిపేది వేరేవాళ్లు, మాటలో 150 అనే ఉంది, విమానం మాత్రం ఇంకా కిందకి దిగింది. విన్నవాడూ చేసేవాడూ ఒకే మనిషి కాకపోతే రీడ్‌బ్యాక్ కరెక్టుగా ఉన్నా లాభం లేదు అని చెప్పి ఆ పూట క్లాసు ఆపేశారు.

ఇంత విన్నాక నేను పాసవ్వాలి కదా. అవ్వలేదు.

హైదరాబాద్‌లోనే పరీక్ష. పొద్దున్నే వెళ్లి కూర్చుంటే నా వంతు మధ్యాహ్నం ఎప్పుడో వచ్చింది, అప్పటికే అరచేతులు తడి. మొదట్లో బానే నడిచింది, స్టార్టప్, టాక్సీ, క్లియరెన్స్ అన్నీ అప్పజెప్పాను. సగం దారిలో ఎగ్జామినర్ నీ విమానంలో ఒక ప్యాసింజర్‌కి గుండెనొప్పి అన్నారు. ఏం చెయ్యాలి, అర్జెంటు పరిస్థితికి వాడే ‘పాన్ పాన్’ మూడుసార్లు అనాలి, స్టేషన్ పేరు, నా కాల్‌సైన్ అంటే రేడియోలో నా విమానం పేరు, ఏం జరిగింది, ఏం చెయ్యదలిచాను, ఎక్కడున్నాను, ఎంత ఎత్తులో. వంద సార్లు ప్రాక్టీస్ చేసిందే. నా నోట్లోంచి వచ్చిందేంటో తెలుసా, “సర్, వీ హావ్ ఎ స్మాల్ ప్రాబ్లమ్ సర్”. ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టకూడదు అనే మొహమాటం, అప్పు అడగడానికి వెళ్లినవాడు వాతావరణం గురించి మాట్లాడినట్టు. ఎగ్జామినర్ పెన్ను కింద పెట్టేశారు. ఆయన తప్పేం లేదు.

తిరిగొచ్చి మాస్టారికి చెప్తే ఆయన తిట్టలేదు, ఇంకో కథ చెప్పారు. 1990 జనవరిలో న్యూయార్క్ మీద ఒక అవియాంకా విమానం వాతావరణం బాగాలేక చాలాసేపు చక్కర్లు కొట్టింది, ఇంధనం అయిపోవస్తోంది అని కంట్రోలర్‌కి చెప్పారు గానీ ఎమర్జెన్సీ అన్న మాట వాడలేదు, ప్రాణాపాయంలో అనాల్సిన మేడే అనలేదు. వినేవాడికి అది మిగతా విమానాల ఇబ్బందిలాగే వినపడింది. ఇంజన్లు ఆగిపోయి లాంగ్ ఐలాండ్‌లో ఇళ్ల మధ్య పడింది, 73 మంది. “వాళ్లు నీకంటే మర్యాదస్తులు రా” అన్నారు మాస్టారు. ఇక నేను హాస్టల్ టెర్రస్ మీద ఒంటరిగా మేడే మేడే మేడే అని అరుస్తుంటే వాచ్‌మన్ పైకొచ్చి ఎవరైనా దూకుతున్నారా అని చూసిపోయాడు.

ఈ లోపు మహారాష్ట్రలో ఒక చిన్న ఊరి ఎయిర్‌పోర్టులో ఫ్లయింగ్ మొదలైంది. స్కూలు పేరు ఎందుకులే. చిన్న సెస్నా విమానం, స్టీరింగ్ లాంటి యోక్ మీద ఎడమ చేతి బొటనవేలు కింద మైకు బటన్. అక్కడికెళ్లాక తెలిసింది రేకుల గదిలో నేర్చుకున్నది సగమే అని, ఎందుకంటే అక్కడ నేను కూర్చుని మాట్లాడాను, ఇక్కడ విమానం నడుపుతూ మాట్లాడాలి. మొదటి పది గంటలు నాకు టవర్ చెప్పే ప్రతి మాటా చివరి రెండక్షరాలే వినపడేవి. బటన్ నొక్కగానే మాట్లాడేస్తే మొదటి అక్షరం తెగిపోతుంది, వేరేవాళ్లు మాట్లాడుతుంటే నొక్కితే ఇద్దరిదీ చెడిపోతుంది. ముందు విను, ఏం చెప్పాలో అనుకో, నొక్కు, క్షణం ఆగు, అప్పుడు నోరు తెరువు అని ఇన్‌స్ట్రక్టర్ సార్ మోకాలి మీద కొట్టి మరీ చెప్పేవారు.

జులైలో ఒక రోజు మబ్బు పట్టి ఉంది, టవర్ క్యూఎన్‌హెచ్ 1003 అని ఇచ్చింది. క్యూఎన్‌హెచ్ అంటే ఆ రోజు ఆ చోట సముద్రమట్టం లెక్కన గాలి ఒత్తిడి, అది ఆల్టిమీటర్లో పెడితేనే ఎత్తు సరిగ్గా చూపిస్తుంది. నేను ఠక్కున ‘వన్ జీరో వన్ ట్రీ’ అని అప్పజెప్పి 1013 తిప్పేశాను. పుస్తకాల నిండా స్టాండర్డ్ 1013 చదివీ చదివీ చెవి వినకముందే నోరు చెప్పేసింది. టవర్ వెంటనే “నెగటివ్, క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో ట్రీ” అంది. పది హెక్టోపాస్కల్స్ అంటే దాదాపు 270 అడుగుల పైనే తేడా, అంటే నా ఆల్టిమీటర్ వెయ్యి అడుగులు అని చూపిస్తుంటే నేను నిజానికి ఏడొందల చిల్లరలో ఉంటాను. కింద చెట్లకి ఆ లెక్కలేం తెలీవు కదా. సార్ ఏమీ అనలేదు, కిందకి దిగాక టీ తాగుతూ “ఇవాళ నువ్వు మాట్లాడావు, వినలేదు” అన్నారు. నేను అది పుస్తకం వెనకాల రాసుకున్నా. రీడ్‌బ్యాక్ ఎందుకు కనిపెట్టారో నాకు ఆ టీ దగ్గర అర్థమైంది, నేను ‘రోజర్’ అని ఊరుకుని ఉంటే ఆ తప్పు ఎవరికీ తెలిసేదే కాదు.

రెండోసారి పరీక్ష రాసినప్పుడు ఇంజన్ ఫెయిల్ ఇచ్చారు. మేడే అని మూడుసార్లు ఎంత గట్టిగా అన్నానంటే ఎగ్జామినర్ హెడ్‌సెట్ కొంచెం పక్కకి జరుపుకున్నారు. మధ్యలో ఒక ఫ్రీక్వెన్సీ వినపడలేదు, ‘సే అగైన్’ అని అడిగేశాను, మార్కులు పోతాయేమో అనే భయం లేకుండా. ఓరల్లో విమానాల రేడియో బ్యాండు వీహెచ్‌ఎఫ్ ఎక్కడ్నుంచి ఎక్కడిదాకా అన్నారు, 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ అని చెప్పా, ఎమర్జెన్సీది 121.5. తర్వాత, పాటలొచ్చే రేడియోకి ఎఫ్ఎం ఉంది కదా, విమానాల్లో ఇంకా ఏఎం ఎందుకు అని అడిగారు. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలంగా ఉన్నది రెండోదాన్ని మింగేస్తుంది, రెండోవాడు మాట్లాడాడని కూడా మనకి తెలీదు, ఏఎంలో కీచుమని శబ్దం వస్తుంది కాబట్టి ఎవరో నొక్కారని కనీసం తెలుస్తుంది సర్ అన్నాను. టెనెరిఫేలో తెలిసినా లాభం లేకపోయిందిగా అన్నారు ఆయన. దానికి నా దగ్గర జవాబు లేదు. పాసయ్యాను.

ఆ పొగరు ఎన్నాళ్లు ఉందంటే నవంబర్ దాకా. నా సోలోలు అప్పుడు నడుస్తున్నాయి, ఆ రోజు మూడోదో నాలుగోదో, పక్క సీటు ఖాళీ. రన్‌వే నుంచి లేచి తిరిగి డౌన్‌విండ్‌లోకి, అంటే రన్‌వేకి పక్కగా ఎదురు దిశలో వెళ్లే దారిలోకి, వచ్చి కాల్ ఇచ్చాను. జవాబు లేదు. మళ్లీ ఇచ్చాను. ఏమీ లేదు. హెడ్‌సెట్లో నా గొంతు నాకు శుభ్రంగా వినపడుతోంది, వాల్యూమ్ చూశా, ఫ్రీక్వెన్సీ చూశా, ప్లగ్ నొక్కి చూశా, అన్నీ బాగానే ఉన్నాయి. సరే రేడియో పోయింది అని తీర్మానించుకుని, రాడార్‌కి మన కోడు పంపే ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెట్టాను, అది రేడియో ఫెయిల్ కోడు, మా ఊరి టవర్‌కి రాడారే లేదనుకోండి, అయినా పుస్తకంలో ఉంది కాబట్టి పెట్టాను. రేడియో లేనప్పుడు టవర్ వైపు చూడాలి, లైట్ గన్‌తో సిగ్నల్ ఇస్తారు అని చదివా గానీ నిజంగా ఎవరైనా ఇస్తారని నమ్మకం లేదు. చూస్తే ఉంది! గాజు గదిలోంచి పచ్చ లైటు మిణుకు మిణుకుమంటోంది, అంటే దిగడానికి తిరిగి రా అని. పగలైతే రెక్కలు ఊపి చూశానని చెప్పాలి, ఎంత ఊపానంటే కింద ఎవరైనా చూస్తే వీడికేదో అయిందనుకుంటారు. దిగడానికి రన్‌వేకి సూటిగా, ఫైనల్లోకి వచ్చేసరికి పచ్చ లైటు ఆర్పకుండా నిలకడగా, అంటే దిగు. దిగాను, కొంచెం ఎగిరెగిరి దిగాను గానీ దిగాను.

విమానాలు నిలిపే ఏప్రాన్‌లో ఇంజన్ ఆపేసి చూసుకుంటే అప్పుడు కనపడింది, రేడియో డిస్‌ప్లేలో ట్రాన్స్‌మిట్ గుర్తు వెలుగుతూనే ఉంది. రేడియో పోలేదు. యోక్ మీద బటన్ నొక్కుడు నొక్కుడుగానే ఇరుక్కుపోయింది. బటన్ నొక్కి ఉన్నంతసేపు మనకి అవతలివాళ్లు వినపడరు, మనం మాత్రం అందరికీ వినపడతాం, పైగా ఆ ఫ్రీక్వెన్సీలో ఇంకెవ్వరూ మాట్లాడలేరు. అంటే డౌన్‌విండ్ నుంచి పార్కింగ్ దాకా నేను నాలో నేను అనుకుంటున్నాననుకున్నవన్నీ... వెన్నులో చలి పుట్టింది. ఏమేం అన్నానో గుర్తు తెచ్చుకున్నా. అరవై ఐదు, అరవై ఐదు, ఒరేయ్ స్పీడు చూడరా, లైన్ మీదకి రా, ఆంజనేయస్వామీ ఈ ఒక్కసారికి, ఇలాంటివి పర్లేదు. మధ్యలో ఒకటి ఉంది. “ఈ టవరోళ్లు నిద్రపోయారా ఏంది, కనీసం ఊ కూడా అనట్లేదు.”

మా వాళ్లంతా మహారాష్ట్ర, హర్యానా పిల్లలు, తెలుగు ఎవరికి తెలుసులే అని ధైర్యం చెప్పుకున్నా. ఇన్‌స్ట్రక్టర్ సార్ ఫోన్ ఇచ్చి టవర్‌తో మాట్లాడు అన్నారు. హలో మేడమ్ అని ఇంగ్లీషులో మొదలుపెట్టి సారీ, స్టక్ మైక్ అని చెప్పబోతుంటే అటునుంచి విజయనగరం యాసలో నవ్వు.

“ఊ అందామనే చూసినాం బాబూ, నువ్వు సందిస్తే కదా” అన్నారావిడ. “టేపులో అంతా పడిపోనాది. ముప్పై రోజులు దాస్తాం.”

క్యాలెండర్లో ముప్పై గళ్లు గీసుకుని కూర్చున్నా.